బుల్లయ్య గారి వాచీలో మూడో గుర్తు

గురునాథం గారు దొంగ అన్న మాట మా బజారులో మొదట ఎవరి నోట వచ్చిందో నాకు తెలుసు. వచ్చినప్పుడు నేను ఆయనకు మూరెడు దూరంలో కూర్చుని కళ్ళజోడు ఒకటి గుడ్డతో తుడుస్తున్నాను. తుడుస్తూనే ఉన్నాను. ఆ గుడ్డ నోట్లో కుక్కుకున్నా అంతకంటే మౌనంగా ఉండేవాణ్ణి కాను. ముందు ఈ సంగతి ఒప్పుకోకుండా ఆయన గురించి మంచి మాటలు చెప్పడానికి నాకు సిగ్గేస్తుంది.

ఎనభై అయిదు నాటి మాట. గుంటూరు పట్నంబజారులో ఒకే షట్టరు కొట్టును మేమిద్దరం పంచుకునేవాళ్ళం. ఎడమ సగం నాది, కళ్ళజోళ్ళ కొట్టు. కుడి సగం ఆయనది, వాచీల రిపేరు. మధ్యలో గోడ లేదు. ఫ్యాను మాత్రం ఒక్కటే. ఆయన ఏ వాచీ మూత తీసినా ఆ ఫ్యాను ఆగిపోవాల్సిందే, లేకపోతే దుమ్ము లేస్తుంది. ఏప్రిల్ నెల గుంటూరు ఎండలో ఫ్యాను ఆపి కూర్చోవడమంటే ఏమిటో అనుభవించినవాడికే తెలుస్తుంది. పన్నెండేళ్ళు ఆ ఫ్యాను గురించి రోజూ పోట్లాడుకున్నాం. పోట్లాట అయ్యాక ఆయనే ఎదురుగా బాజీ టీ కొట్టు నుంచి రెండు టీలు చెప్పేవారు, ఒకటి నాకు.

ఆయన నల్లపాడు అవతల ఒక చిన్న ఊళ్ళో పూజారుల ఇంట పుట్టారు. పద్నాలుగో ఏట బళ్ళో గోడ గడియారం ఆగిపోతే ఎవరికీ చెప్పకుండా విప్పి బిగించారట. ఒక మర చేతిలో మిగిలిపోయినా గడియారం నడిచిందట. తండ్రి మాత్రం వీపు విమానం మోత మోగించారు. ఆ దెబ్బలతోనే గుంటూరు వచ్చి నన్నే సాహెబ్ అనే పెద్దాయన దగ్గర పనికి చేరారు. గుడిలో గంట కొట్టాల్సినవాడు సాయిబు కొట్లో గడియారాలు బాగు చేయడమేమిటని తండ్రి తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు.

తండ్రి దగ్గర నుంచి ఆయన తెచ్చుకున్నది ఒక్కటే, మడి. రోజూ ఉతికిన తెల్ల గుడ్డ బల్ల మీద పరిచేవారు. ఆ బల్ల మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. చివర ఒక ఇత్తడి పళ్ళెం ఉండేది, వాచీ అందులోనే పెట్టాలి. విప్పిన ప్రతి మర మీదా గాజు గ్లాసు బోర్లించేవారు. మిర్చి గోడౌను నుంచి ఎవరైనా వస్తే గుమ్మంలోనే, “అక్కడే ఆగండి, కారం!” అని కేక. బజారులో అందరూ దాన్ని గురునాథం గారి గర్భగుడి అని ఎగతాళి చేసేవారు. “మడి మనిషిక్కాదయ్యా, దుమ్ముకి,” అని ఆయన విసుక్కునేవారు.

దుమ్ము విషయంలో ఆయనకు విసుగు రావడంలో తప్పులేదు. మూత తీసి లోపల చూడగానే వాచీ ఎవరిదో చెప్పేవారు. దూది నూగు ఉంటే జిన్నింగు మిల్లు మనిషి, ఎర్ర దుమ్ము ఉంటే మిర్చి మనిషి, ముక్కుపుటాలు అదిరే గోధుమ రంగు పొడి ఉంటే పొగాకు కంపెనీ. మా జిల్లాలో పండేదంతా ముందు ఆయన బల్ల మీదికి వచ్చేది.

ఇంకొక సంగతి చెప్పాలి, ఈ కథంతా దాని మీదే ఉంది. వాచీ బాగు చేసేవాళ్ళకు ఒక ఆచారం ఉంది. పని పూర్తయ్యాక మూత లోపలి వైపు సూదితో తమ గుర్తూ, సంవత్సరమూ గీస్తారు. భూతద్దం పెడితే తప్ప కనిపించదు. వాచీ కట్టుకున్నవాడికి ఆ గుర్తు ఉందనే తెలియదు. కానీ నన్నే సాహెబ్ నేర్పిన పద్ధతి ప్రకారం గుర్తు గీశాక ఆ వాచీ మంచీ చెడ్డా గీసినవాడిదే. ఎప్పుడు చెడినా అతనే చూడాలి. చేతకాని పని చేసినవాడు గుర్తు గీయకూడదు. గురునాథం గారి గుర్తు ‘గు’. ఆయన దాన్ని గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవారు. నేను ఆ కాసేపు దగ్గు కూడా ఆపుకునేవాణ్ణి.

ఆ ఏడు మిర్చి సీజన్లో లక్ష్మీనరసింహం వచ్చాడు. అప్పట్లో ఆయన్ని నేనూ గారు అనే అనేవాణ్ణి. పెద్ద మిర్చి కమీషన్ వ్యాపారి, బజారు వర్తకుల సంఘానికి పెద్ద, మా కొట్టు యజమానికి స్వయానా మేనల్లుడు. తండ్రి బుల్లయ్య గారు పోయాక ఆయన వాచీ ఇతనికి వచ్చింది. పాత స్విస్ ఆటోమేటిక్. ఏడాదిగా ఆగిపోయి ఉంది.

గురునాథం గారు మూత తీసి, భూతద్దం కంటికి పెట్టుకుని, అలాగే ఉండిపోయారు. తరువాత మూతను కళ్ళకు అద్దుకున్నారు. లోపల ‘న 61’ అని ఉంది. గురువు గారి చేతి గుర్తు. ఆ అరవై ఒకటిలో ఆ వాచీ విప్పినప్పుడు మరలు పట్టుకున్నది తానేనని చెప్పారు.

ఆ వాచీ మీద ఎనిమిది రోజులు కూర్చున్నారు. లోపలి నూనె ఎర్ర దుమ్ముతో కలిసి బంకలా గట్టిపడింది. పెట్రోలుతో ఒక్కొక్క మరా కడిగారు. ఆటోమేటిక్ వాచీలో అరచందమామ ఆకారంలో ఒక బరువు ఉంటుంది. చెయ్యి కదిలితే అది తిరుగుతుంది, అది తిరిగితే స్ప్రింగు చుట్టుకుంటుంది, కీ ఇవ్వనక్కర్లేదు. ఆ బరువు తిరిగే ఇరుసు అరిగిపోయింది. దొరకదు. సూది ముక్క తీసుకుని రెండు రోజులు అరగదీసి కొత్త ఇరుసు చేశారు. నాలుగు రోజులు తన చేతికే కట్టుకుని చూశారు. రేడియో టైముతో నిమిషం తేడా రాలేదు. అప్పుడు గురువు గుర్తు కింద ‘గు 85’ అని గీసి ఇచ్చారు. ఆ సాయంత్రం ఫ్యాను నాకే వదిలేశారు, అంత సంతోషం.

మూడో రోజు లక్ష్మీనరసింహం మా గుమ్మం ముందు నిలబడి బజారంతా వినేట్టు అరిచాడు.

“ఏమయ్యా గురునాథం గారూ! మా నాన్న వాచీలో స్విస్ సరుకంతా పీకేసి నకిలీ బొంబాయి సరుకు తగిలించావా? పూజారి వేషం వేసుకుని దొంగతనమా?”

“ఆగిందా?” అన్నారు గురునాథం గారు. దొంగ అన్న మాట ఆయనకు ఇంకా చెవికెక్కలేదు. “ఇలా ఇవ్వండి. మూత తీసి మీ ముందే చూపిస్తాను.”

“లోపల ఏముందో నాకేం తెలుస్తుంది? దొంగకి తెలుస్తుంది!”

రెండోసారి చెవికెక్కింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నావైపు చూశారు. ఎనిమిది రోజులు ఆ వాచీ పక్కనే కూర్చున్నవాణ్ణి నేను. ప్రతి మర ఏ గ్లాసు కింద ఉందో నాకు తెలుసు. ఒక్క మాట చాలు. కానీ కొట్టు ఇతని మేనమామది. నేను కళ్ళజోడు తుడిచాను.

వాచీ తిరిగి తీసుకుని రోజంతా చూశారు. ఏ లోపమూ లేదు. ఆయన చేతికి కట్టుకుంటే గుర్రంలా నడిచింది. తిరిగి ఇచ్చారు. రెండు రోజులకు మళ్ళీ ఆగింది. ఈసారి లక్ష్మీనరసింహం రాలేదు, మాట వచ్చింది. శనివారం లోగా వాచీ నడవకపోతే కొట్టు ఖాళీ చేయాలని మా యజమాని మనిషిని పంపాడు. అప్పటికే బజారు జనం ఒక్కొక్కరే వచ్చి రిపేరుకిచ్చిన వాచీలు వెనక్కి పట్టుకుపోతున్నారు. ఇరవై ఏళ్ళు ఆయన చేతి పని కట్టుకు తిరిగినవాళ్ళు! ఒకాయన అక్కడే మూత తీయించి లోపల తన సరుకు ఉందో లేదో చూసుకున్నాడు. ఏం చూశాడో, ఏం తెలిసిందో! నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన మాత్రం ఎవరి వాచీ వాళ్ళకు పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. ఆ వారమంతా టీ ఒక్కటే తెప్పించుకున్నారు. నాకు టీ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున ఆయనే నోరు విప్పారు. “మూర్తీ, లక్ష్మీనరసింహం గోడౌనుకి వెళుతున్నాను. వాచీలో లోపం ఏమీ లేదు. ఇక చూడాల్సింది దాన్ని కట్టుకున్న చెయ్యి. నువ్వూ రా. నా కళ్ళు ఒక్కటే చూశాయంటే ఎవరూ నమ్మరు.”

వెళ్ళాను. కాదనే మొహం నాకు లేదు.

గోడౌను ముందు మిర్చి లారీలు. వాకిట్లో గోనెపట్టాల మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయలకు తొడిమలు తీస్తున్నారు. లోపల పరుపు మీద బాలీసుకు ఆనుకుని లక్ష్మీనరసింహం. సరుకు తెచ్చిన రైతులు అతని చుట్టూ నిలబడి ఉన్నారు. మేము మూల బల్ల మీద కూర్చున్నాం. గురునాథం గారు వాచీ ఉన్న అతని ఎడమ చేతి మణికట్టు తప్ప మరేమీ చూడలేదు.

ఆ చెయ్యి బాలీసు మీద ఉంది. గంట గడిచినా బాలీసు మీదే ఉంది. సంతకాలు కుడి చేత్తో. కిళ్ళీ గుమాస్తా ఆదెయ్య అందించాడు. మంచినీళ్ళ గ్లాసూ ఆదెయ్యే పట్టుకున్నాడు. మెడ మీద ఈగ వాలితే దాన్ని కూడా ఆదెయ్యే తోలాడు. మధ్యాహ్నం దాకా ఆ ఎడమ చెయ్యి జానెడు కదల్లేదు. అంత బద్ధకం నేను ఎక్కడా చూడలేదు. నాకు నవ్వు రాలేదు, మంట పుట్టింది. ఈ చేతి కోసమా ఒక మనిషిని దొంగను చేసి బజారున పడేసింది!

గురునాథం గారు లేచారు. “మీరు సాయంత్రం ఈ వాచీ ఏం చేస్తారు?”

“ఇనప్పెట్టెలో పెడతాను. పొద్దున పదింటికి వచ్చి కట్టుకుంటాను. ఏం?”

“అయితే తెలిసింది. వాచీ బాగానే ఉందండీ. ఇది చెయ్యి కదిలితేనే చుట్టుకుంటుంది. మీ ఎడమ చెయ్యి కదలడం లేదు.”

రైతుల్లో ఎవరో కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. లక్ష్మీనరసింహం మొహం కందగడ్డ అయింది. “నేను పని చెయ్యననా నువ్వనేది?”

“పొద్దున్నే కాస్త కీ ఇచ్చినా చాలు.”

“ఆటోమేటిక్‌కి కీ ఏమిటయ్యా? దానంతట అదే తిరగాలి! కీ ఇచ్చుకునేవాణ్ణయితే మామూలు వాచీయే కట్టుకునేవాణ్ణి. మా నాన్నకి ఇరవై ఏళ్ళు కీ లేకుండానే తిరిగింది. అప్పుడు లోపల స్విస్ సరుకు ఉంది. ఇప్పుడు నీ సరుకు ఉంది.”

“మీ నాన్నగారు కాటా దగ్గర నిలబడేవారు,” అన్నారు గురునాథం గారు. “ప్రతి బస్తాలోనూ మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు కాయ తీసి చూసేవారు. అందుకు తిరిగింది. విప్పండి. ఇలా ఇవ్వండి.”

ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. లక్ష్మీనరసింహం విప్పి ఇచ్చాడు. గురునాథం గారు గోడౌను రేడియోలో వార్తలకి టైము కలుపుకుని తిన్నగా వాకిట్లోకి నడిచి, తొడిమలు తీస్తున్న వరసలో మొదటి ఆవిడ ముందు కూర్చున్నారు. ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

“అమ్మా, ఎడమ చెయ్యి ఒకసారి ఇలా పెట్టు.”

“నా చెయ్యెందుకు సామీ? అంతా కారం. మీకు మంట పుడుతుంది.”

కారం చేతిని గుమ్మంలోనే ఆపే మనిషి ఆ చెయ్యి పట్టుకున్నారు. మణికట్టు సన్నగా ఉంది, బెల్టు జారిపోతోంది. జేబులోంచి బల్ల మీద పరిచే తెల్ల గుడ్డ ముక్క తీసి చుట్టి, దాని మీద వాచీ బిగించారు.

“ఓయ్! మా నాన్న వాచీ కూలిదాని చేతికా?” లోపలి నుంచి అరుపు.

“బొంబాయి సరుకయితే రేపటికి ఆగిపోతుంది,” అన్నారు గురునాథం గారు ఇంకా పెద్దగా. “ఆగితే నేను కొట్టుతో పాటు ఊరు కూడా వదిలిపెడతాను. ఆగకపోతే ఏమనాలో మీరే ఆలోచించుకోండి.”

“చూద్దాం, చూద్దాం,” అన్నారు రైతులు. అందరి ముందూ బొంబాయి సరుకని అరిచినవాడు ఇక వద్దనలేకపోయాడు. ఆమె వాచీ పట్టుకుని పారిపోతుందని ఆదెయ్యను పక్కన కాపలా కూర్చోబెట్టాడు. ఆ బుద్ధికి నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఆమె వాచీ వైపు చూడను కూడా లేదు. కాయ తీయడం, తొడిమ తుంచడం, బుట్టలో వేయడం. పొద్దుగూకే దాకా ఆ చెయ్యి ఆగలేదు. సాయంత్రం అందరి ముందూ వాచీ విప్పి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఈలోగా గురునాథం గారు ఆ కారం వేళ్ళతోనే మరిచిపోయి కన్ను నలుపుకున్నారు. భూతద్దం పెట్టుకునే కన్ను. ఇంటికి వెళ్ళేసరికి అది వాచి మూసుకుపోయింది.

శనివారం పదింటికి గోడౌను నిండా జనం. ముందురోజు చూసిన రైతులు ఊరికే పోలేదు, పక్క గోడౌన్లలో వాళ్ళను కూడా వెంటేసుకొచ్చారు. ఇనప్పెట్టె తెరిచారు. వాచీ నడుస్తోంది. రేడియోతో పోల్చి చూశారు, అర నిమిషం తేడా.

క్షమించమని అడగకపోయినా, పొరపాటయిందని అంటాడనుకున్నాను. నా పిచ్చి.

“సరే, నడుస్తోందిలే,” అన్నాడు లక్ష్మీనరసింహం వాచీని వేలి కొసలతో పట్టుకుని. “కూలిదాని మైల పట్టింది. శుభ్రంగా కడిగి తెచ్చివ్వు.”

ఆమె గుమ్మంలోనే ఉంది, బుట్ట చంకన పెట్టుకుని. విన్నది. తల దించుకుంది.

గురునాథం గారు వాచీ తీసుకున్నారు. అక్కడే, ఆ కారపు దుమ్ములోనే, గుడ్డా లేదు, పళ్ళెమూ లేదు, బల్ల మీద కూర్చుని మూత తీశారు. చొక్కా జేబులోంచి సూది తీసి, వాచిన కన్ను పనికిరాక భూతద్దం రెండో కంటికి పెట్టుకున్నారు.

“అమ్మా, నీ పేరు?”

“బసవమ్మ సామీ.”

ఊపిరి బిగబట్టారు. ఆ చప్పుడులో కూడా సూది గీత నాకు వినిపించింది. ‘న 61’, దాని కింద ‘గు 85’, దాని కింద ‘బ 85’.

“ఏం గీస్తున్నావయ్యా?”

“దీన్ని నడిపించినవాళ్ళ పేర్లు. ముందు మా గురువు గారు, తరువాత నేను, ఇప్పుడీమె.”

“నా వాచీలో దాని పేరా!”

“మీ పేరే గీద్దును లక్ష్మీనరసింహం గారూ. మీరు దాన్ని ఆపారే కానీ నడిపింది లేదు.”

ఈసారి ఎవరూ కండువా అడ్డం పెట్టుకోలేదు. గోడౌను అదిరేట్టు నవ్వారు. గురునాథం గారు భూతద్దం తీసి బసవమ్మకు ఇచ్చి, ఎలా పట్టుకోవాలో చూపించారు. ఆమె చాలాసేపు చూసింది.

“ఇదేనా సామీ నేను? ఇంత చిన్నగా గీశారేం?”

“లోపల చోటు అంతే ఉందమ్మా.”

సోమవారం నుంచి రావద్దని బసవమ్మకు చెప్పించాడు ఆ పెద్దమనిషి. ఆమె ఎదుటి గోడౌనులో పనికి చేరింది. సీజన్లో అలాంటి చేతులను ఎవరు వదులుకుంటారు?

మా కొట్టు మాకే ఉంది. వాచీలు పట్టుకుపోయినవాళ్ళు పళ్ళికిలించుకుంటూ తిరిగి వచ్చారు. ఆయన కాదనలేదు, పళ్ళెం వైపు చూపించారు, అంతే. టీ మాత్రం ఇంకా ఒక్కటే వచ్చేది. నా మీద నాకు పుట్టిన కోపం లక్ష్మీనరసింహం మీద పుట్టినదాని కంటే ఎక్కువ.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం లక్ష్మీనరసింహం మా గుమ్మం ఎక్కాడు. నా సగం వైపే వచ్చాడు. గుంటూరులో వాచీ రిపేరు చేసే ప్రతివాడి దగ్గరకూ తిరిగాడట. సాటి పనివాడు గీసిన గుర్తు చెరపడానికి ఒక్కడూ ఒప్పుకోలేదట.

“మూర్తి గారూ,” అన్నాడు గొంతు తగ్గించి, “మీ దగ్గర అద్దాలు అరగదీసే చక్రం ఉంది కదా. లోపల ఒక్క అక్షరం. చిన్నది. అరగదీసేయండి. మామయ్యతో మీ గురించి చెబుతాను.”

ఆ మేనమామ భయమే ఆ రోజు నా నోరు కట్టేసింది. పక్కన గురునాథం గారు భూతద్దం పెట్టుకుని పని చేసుకుంటున్నారు. తల ఎత్తలేదు. ఫ్యాను ఆపి ఉంది, ఒళ్ళంతా చెమట. నేను లేచి నిలబడ్డాను.

“ఎనిమిది రోజులు నేను ఇక్కడే కూర్చుని చూశాను!” అని అరిచాను. బాజీ కొట్టు దగ్గర జనం ఇటు తిరిగారు. “ఆయన ఒక్క మర మార్చలేదు! ఇరుసు సూదితో చేశారు! దొంగ అన్నది నువ్వు! విన్నది నేను! ఆ అక్షరం అలాగే ఉంటుంది, వెళ్ళు! వెళ్ళి మీ మామయ్యకు చెప్పుకో!”

నెల ఆలస్యంగా అరిచాను. అది నాకు తెలుసు. అయినా గొంతు పోయేదాకా అరిచాను. అతను వాచీ చేతికి కట్టుకుని దిగిపోయాడు. వెళుతూ వెళుతూ ఎడమ చెయ్యి రెండుసార్లు విదిలించుకున్నాడు, వాచీ ఆగకుండా. అప్పటికే అది అలవాటయినట్టుంది.

నేను కూలబడ్డాను. గురునాథం గారు భూతద్దం తీసి, విప్పిన వాచీ మీద గ్లాసు బోర్లించి, లేచి ఫ్యాను వేశారు.

“బాజీ!” అని కేకేశారు. “రెండు.”